వెనక రెండు బొత్తాలు

"నాన్నా, నీ చేతిలో ఉన్నది ఏం గుడ్డ?"

ఈలై ట్రాంటర్ చేతిలోని గుడ్డను కిటికీ వెలుతురుకేసి ఎత్తి చూశాడు. "మెత్తటి గుడ్డ. వెండిపూతకి మెత్తటి గుడ్డే ఉండాలి."

"అది గ్లాసులు తుడిచే గుడ్డ. నీలం అంచుది గ్లాసులకి, ఎర్ర అంచుది పళ్ళాలకి, అంచు లేనిది నీ బొత్తాలకి. ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

"అంచు లేనిది గరుకమ్మా. బొత్తాల మీద గీతలు పడతాయి."

"పడితే పడనీ. రేపు పొద్దున మనం తాగే నీళ్ళలో మెరుగుపొడి వాసన కొడితే ఎవరు తాగుతారు?"

"నేను తాగుతాను. నలభై ఏళ్ళు ఆ వాసనలోనే బతికాను."

వినిఫ్రెడ్ పార్జిటర్ గుడ్డ లాక్కుంది. తండ్రి రెండో కొస వదల్లేదు. అరవై ఎనిమిదేళ్ళ తండ్రీ, నలభై రెండేళ్ళ కూతురూ వంటింటి బల్లకి అటూ ఇటూ నిలబడి కాసేపు గుడ్డ లాగులాట ఆడారు. చివరికి అది మధ్యలో చిరిగింది. ఈలై తనకు దక్కిన సగాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పొయ్యి పక్కన తన కుర్చీలో కూలబడ్డాడు. వినిఫ్రెడ్ బల్ల మీది కోటు విసురుగా దులిపి, తలుపు వెనక కొక్కేనికి తగిలించి, రాత్రి భోజనానికి బంగాళాదుంపలు తరగడానికి కూర్చుంది.

ముదురు నీలం రంగు ఉన్ని కోటు అది. చెల్టెన్‌హామ్‌లో దాన్ని ఎరగనివాళ్ళు లేరు. అయితే అది ఒకటే కోటని తెలిసినవాళ్ళు మాత్రం ఈ ఇంట్లోవాళ్ళే. మంగళ, గురు, శనివారాల్లో దానికి పిడికిట్లో బాకు చెక్కిన బొత్తాలుంటాయి. అప్పుడది కర్నల్ గారి వితంతువు మిసెస్ కాన్సిడైన్ గారి కోచ్‌మన్ కోటు. సోమ, బుధ, శుక్రవారాల్లో చేపను కరిచిన కొంగ బొత్తాలుంటాయి. అప్పుడది మిస్ థాక్‌వెల్ గారి కోచ్‌మన్ కోటు. లోపలి వైపు చిన్న రింగు తీస్తే బొత్తం ఊడి వస్తుంది, ఇంకోటి గుచ్చి రింగు తొడిగితే సరి. ఈ ఉపాయం వినిఫ్రెడ్ భర్త జోసయాది. బండి ఒకటే, గుర్రాల జత ఒకటే, తోలే హబ్బర్డూ ఒకడే. ఇద్దరమ్మగార్లూ ఎవరికి వారు ఆ బండి తమ ఒక్కరికోసమే ఉందనుకుంటారు. జోసయా ఎన్నడూ అలా చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

సందు మొగలో గేటు మీద 'పార్జిటర్, లివరీ' అని తెల్లటి అక్షరాలతో బోర్డు ఉంటుంది. ఊళ్ళోవాళ్ళ గుర్రాలను వారానికింత అని తీసుకుని మేపి, మాలిష్ చేసి, చోటిచ్చి చూసుకోవడం లివరీ. గుర్రాన్నీ బండినీ అద్దెకివ్వడమూ లివరీయే. తోలేవాడికి తొడిగే యజమాని గుర్తుల కోటూ లివరీయే. మూడూ ఆ ఒక్క గేటు లోపలే సాగుతాయి కాబట్టి ఆ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ తికమక కలగలేదు.

భోజనాల దగ్గర పదిహేనేళ్ళ డోర్కస్ కొత్త కబురు తెచ్చింది. "అమ్మా, ట్రాములన్నిటికీ కొత్త రంగేశారు. దాన్ని కూడా లివరీ అనే అంటున్నారు. ఇనప డబ్బాకి లివరీ ఏమిటో!"

"ఇనప డబ్బాకి జీతం అక్కర్లేదుగా, కోటైనా ఇస్తున్నారు," అన్నాడు జోసయా, తన హాస్యానికి తనే నవ్వుకుంటూ.

"మరి తాతయ్య?" డోర్కస్ బుగ్గన గుంట పడింది. "తాతయ్యా, నువ్వు కూడా మా దగ్గర లివరీలోనే ఉన్నావుగా. మేత పెడుతున్నాం, పక్క వేస్తున్నాం. మాలిష్ ఒక్కటే తక్కువ."

అందరూ నవ్వారు. ఈలై కూడా నవ్వి, చెంచా పక్కన పెట్టాడు. "లివరీలో ఉన్న గుర్రానికి ఎక్కడో ఒక యజమాని ఉంటాడే పిల్లా. ఆదివారమైనా వచ్చి ఎక్కి తిరుగుతాడు."

ఆ తరువాత ఆయన ఏమీ తినలేదు. వినిఫ్రెడ్ పళ్ళెం తీసేస్తూ మాంసం ముక్కలు అలాగే ఉండడం చూసింది. కూతుర్ని ఒక్క చూపు చూసింది. డోర్కస్ ముఖం ఎర్రబడింది.

ఆరు నెలలుగా ఇదే వరస. సైరెన్‌సెస్టర్ అవతల ఒక పెద్ద ఇంట్లో నలభై ఏళ్ళు బండి తోలాడు ఈలై. యజమాని మోటారు కారు కొన్నాడు. పిలిచి చెయ్యి కలిపి, మంచివాడివన్నాడు. మర్నాడు ఈలై కోటు, టోపీ, చేతితొడుగులు, ఆ ఇంటి చిహ్నమున్న బొత్తాలు అన్నీ తోమి మడిచి అక్కడి బట్లర్ బల్ల మీద పెట్టి వచ్చేశాడు. లివరీ యజమానిదే, మనిషిది కాదు. కూతురింటికి వచ్చేటప్పుడు ఒంటిమీదున్నది తన పెళ్ళికి కుట్టించుకున్న కోటు. అది మోచేతుల దగ్గర మెరుస్తోంది. అప్పటినుంచీ పొయ్యి పక్కన కుర్చీ, పరాయి బొత్తాలకు మెరుగు, గుమ్మంలోంచి బయటికెళ్ళే గుర్రాల కాళ్ళకేసి చూపు. మనిషి నెలనెలకీ కొంచెం చిన్నవాడవుతున్నట్టు వినిఫ్రెడ్‌కి కనిపించేది. పగ్గాలు ఒక్కసారి చేతికిస్తే ఆయన మళ్ళీ మనిషవుతాడని ఆమె నమ్మకం. జోసయాకి ఎన్నిసార్లు చెప్పినా, "వయసు విన్నీ, వయసు," అని గుర్రాల దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

మర్నాడు, శనివారం పొద్దున, పెద్ద గుర్రం హబ్బర్డ్ పాదం మీద కాలేసింది. బూటు కోసి తీయాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నమే చర్చి పాదిరీ అయిన వికారు గారి తోటలో విందు. మిసెస్ కాన్సిడైన్ మూడు గంటలకు బండి సిద్ధంగా ఉండాలన్నారు.

"నేనే తోలుతాను," అన్నాడు జోసయా.

"నువ్వా? నిన్ను ఊరంతా ఎరుగుదురు," అంది వినిఫ్రెడ్. "అద్దె బండి యజమానే స్వయంగా తోలుకొచ్చాడంటే ఆవిడ ఎక్కుతుందా? నాన్నున్నాడు."

జోసయా మెడ వెనక గోక్కున్నాడు. ఆయన ఏదైనా ఒప్పుకోబోయే ముందు చేసే పని అది. "సరే. ఈ ఒక్క పూట. ఏ తేడా లేకుండా తిరిగొస్తే తరువాతి సంగతి ఆలోచిద్దాం. ఒక్క చిన్న తేడా వచ్చినా ఇక ఈ ఊసు నా దగ్గర ఎత్తకు. ఆ ఇద్దరమ్మగార్లూ పోతే మనం గేటు మూసుకోవాలి."

"తేడా ఏం వస్తుంది? ఆయన నీకు గుర్రాలు తోలడం నేర్పగలడు."

"అదే నా భయం. నేర్పడం మొదలెడితే ఆపడు."

కోటు ఈలైకి కాస్త వదులైంది గానీ, భుజాలు నిలబెట్టేసరికి సరిపోయింది. టోపీ పెట్టుకుని, చేతితొడుగుల్లో వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకుని, గుర్రాల ముందుకెళ్ళి వాటి ముక్కుల దగ్గర ఏదో గొణిగాడు. అవి చెవులు రిక్కించాయి. తరువాత చక్రం మీద కాలేసి ముందు పీట మీదికి ఎక్కాడు. ఆ ఎక్కడం చూసిన డోర్కస్, "అమ్మా, తాతయ్య ఇంత పొడుగా?" అంది మెల్లగా.

బండి గేటు దాటింది. వినిఫ్రెడ్ కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి, టీకి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, సాసర్ కోసం చెయ్యి చాచింది. సాసర్లో రెండు బొత్తాలున్నాయి. పిడికిట్లో బాకు.

ఆమె వాటిని చూసింది. అవి ఆమెను చూశాయి.

కోటుకి ముందు వరస బొత్తాలు కాక, వెనక నడుము దగ్గర రెండుంటాయి. నిన్న ముందు వరస మార్చడం అయింది. వెనక్కి తిప్పబోతుండగానే గ్లాసు గుడ్డ గొడవ వచ్చింది. కోటు దులిపి కొక్కేనికి తగిలించేసింది. ఇప్పుడు తండ్రి ముందు నుంచి కాన్సిడైన్ మనిషి, వెనక నుంచి థాక్‌వెల్ మనిషి. బండిలో కూర్చున్నవాళ్ళకి దారి పొడుగునా కనిపించేదల్లా తోలేవాడి వీపే.

"ఆవిడకి చూపు ఆనదు, కళ్ళజోడు బయట పెట్టుకోదు," అని పైకే అనుకుంది. "కానీ విందుకి వచ్చేవాళ్ళందరికీ ఆనుతుందిగా!" బొత్తాలు పిడికిట్లో బిగించి, ఏప్రాన్ విప్పకుండానే టోపీ పెట్టుకుని వీధిలో పడింది.

ఈ ఊరి పాతకాపులెవరైనా చెబుతారు, ఆ ఇద్దరమ్మగార్లకీ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవని. ఒకే వంపు వీధిలో ఈ కొసన ఒకరిల్లు, ఆ కొసన ఒకరిల్లు. చర్చి సంతలో టీ కెటిల్ దగ్గర ఎవరు కూర్చుని పొయ్యాలన్న దగ్గర మొదలైంది. ఆ ఏడు మిస్ థాక్‌వెల్ కూర్చుంది. అంతే. అప్పటినుంచి ఒకరి పేరు ఒకరి ఎదట ఎత్తితే రెండో కప్పు టీ రాదు.

వినిఫ్రెడ్ వికారు గారింటికి చేరేసరికి ఊపిరి అందడం లేదు, చినుకులు మొదలయ్యాయి. గోడ వెంబడి బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. లోపలినుంచి ఆడవాళ్ళు గొడుగులు విప్పుకుంటూ, స్ట్రాబెర్రీ పళ్ళేలు చేతుల్లోనే పట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు. వరసలో నాలుగోది తమ బండి. దానిలో మంచి సీటు మీద, నిటారుగా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని మిస్ థాక్‌వెల్ కూర్చుని ఉంది.

"నువ్వు పార్జిటర్ భార్యవి కదూ?" అంది ఆవిడ సంతోషంగా. "నేను నడిచి వచ్చాను. వాన పడుతుందని మీ ఆయనకి ముందే తోచి బండి పంపాడు. గేటు దగ్గరనుంచే చూశాను, వీపు మీద నా కొంగలు రెండూ మెరుస్తున్నాయి. నా కళ్ళు ఇంకా బాగా ఆనుతాయి, కొందరిలా కాదు."

వినిఫ్రెడ్ తండ్రికేసి చూసింది. ఈలై ముందుకే చూస్తున్నాడు. టోపీ అంచున నీటి చుక్క వేలాడుతోంది. బండి మీద కూర్చున్నాక కోచ్‌మన్‌కి మెడ ఉండకూడదని, చెవులు అసలే ఉండకూడదని ఆమె చిన్నప్పుడు ఆయన చెప్పేవాడు. ఎవరో ఎక్కడం ఆయన చక్రాల ఒరుగుడును బట్టి గ్రహించే ఉంటాడు. ఎవరు ఎక్కారన్నది ఎవరైనా అడిగేదాకా ఆయన పని కాదు.

"అమ్మగారూ, ఈ బండి..."

"తలుపు తీయవమ్మా, వాన!" వెనకనుంచి ఒక లావుపాటి ఊదారంగు పట్టు గౌను వినిఫ్రెడ్‌ని పక్కకి నెట్టింది. మిసెస్ కాన్సిడైన్ మెట్టెక్కి, లోపలికి వంగి, ఆగిపోయింది.

చుట్టుపక్కల బండ్లలోంచి తలలు బయటికి వచ్చాయి.

"మిస్ థాక్‌వెల్," అంది మిసెస్ కాన్సిడైన్, ఎనిమిదేళ్ళ తరువాత మొదటి మాటగా. "మీరు దారి తప్పినట్టున్నారు."

"నా బండిలో నేను కూర్చుంటే దారి తప్పడం ఎలా అవుతుందండీ?"

"మీ బండా!"

"తోలేవాడి వీపు చూడండి. కొంగ. మా తాతగారి నాటి కొంగ. కళ్ళజోడుందా, అరువివ్వనా?"

మిసెస్ కాన్సిడైన్ సంచీలోంచి పిడి ఉన్న అద్దం తీసి కళ్ళకి పెట్టుకుంది. బుగ్గలు గౌను రంగుకి తిరిగాయి. ఆవిడ దిగలేదు. దిగితే ఓడినట్టు. మిస్ థాక్‌వెల్ పక్కనే దబ్బున కూర్చుని, "ఏయ్! ఇటు తిరుగు!" అంది.

ఈలై ట్రాంటర్ నలభై ఏళ్ళలో మొదటిసారి బండి మీద మెడ తిప్పాడు. మెడ ఒక్కటే తిప్పితే మర్యాద కాదనుకున్నాడో ఏమో, పగ్గాలు వదలకుండా నడుము పైభాగమంతా ఇటు తిప్పాడు. గుండెల మీద వరసగా పిడికిళ్ళు, బాకులు.

"బాకు!" అంది మిసెస్ కాన్సిడైన్. "చూశారా? నాది!"

"కొంగ!" అంది మిస్ థాక్‌వెల్. "మీరే చూశారుగా!"

ఇద్దరూ ఒక్కసారే వినిఫ్రెడ్ వైపు తిరిగారు. ఆమె పిడికిలి విప్పింది. అరచేతిలో రెండు బాకు బొత్తాలు.

"తప్పు నాది అమ్మగారూ. ముందువి మార్చాను, వెనకవి మరిచిపోయాను. మా నాన్నకేం తెలియదు. ఆయన ఈ కోటు తొడుక్కోవడం ఇదే మొదలు."

"మార్చావా?" అంది మిస్ థాక్‌వెల్. "ఎందుకు మార్చడం?"

"ఎప్పటినుంచి మారుస్తున్నావు?" అంది మిసెస్ కాన్సిడైన్.

అబద్ధం ఆడడానికి వినిఫ్రెడ్‌కి ఊపిరి లేదు. "ఆదివారం తప్ప రోజూనండీ."

వాన పెద్దదైంది. పక్క బండిలో ఎవరో కిసుక్కున నవ్వి దగ్గులోకి మార్చుకున్నారు. అయిపోయింది, అనుకుంది వినిఫ్రెడ్. గేటు మూసుకోవడం జోసయా సంగతి. ఆమెకి మాత్రం పొయ్యి పక్కన కుర్చీయే కళ్ళ ముందు కనిపిస్తోంది.

"అమ్మగార్లూ," అన్నాడు ఈలై. గొంతు మామూలుగానే ఉంది. "అడగకుండా నోరు విప్పడం నా అలవాటు కాదు. క్షమించాలి. ముందు నుంచి చూస్తే నేను కాన్సిడైన్ అమ్మగారి మనిషిని. వెనక నుంచి చూస్తే థాక్‌వెల్ అమ్మగారి మనిషిని. ఈ గుర్రాలు మాత్రం మీ ఇద్దరివీ కావు, వాటికి వానంటే గిట్టదు. ఎవరైనా దిగుతారా, ఇద్దర్నీ ఇంటికి చేర్చమంటారా?"

ఎవరూ దిగలేదు. ఎవరూ చేర్చమనీ అనలేదు.

"చిత్తం," అన్నాడు ఈలై. "అమ్మా విన్నీ, పైకప్పు ఎత్తి ఇలా ఎక్కు."

ఆమె రెండు వైపులా మడిచి ఉన్న తోలు కప్పు లేపి బిగించి, తండ్రి పక్కన పీట మీదికి ఎక్కింది. ఇంత ఎత్తున ఆయన పక్కన కూర్చోవడం చిన్నప్పుడు, పెద్దింట్లో ఎవరూ లేని రోజుల్లో, లాయం చుట్టూ ఒక తిప్పు. అంతే. గుర్రాలు కదిలాయి. ఆయన వేళ్ళు కదిలినట్టే కనిపించలేదు.

"నాన్నా, ముందు ఎవరింటికి?" అని గుసగుసలాడింది. "ఎవర్ని ముందు దింపితే వాళ్ళు ఓడినట్టు అనుకుంటారు."

"అందుకే ఎవరింటికీ వెళ్ళడం లేదు," అన్నాడు పెదాలు కదపకుండా. "ఇలా పిట్‌విల్ తోట చుట్టూ పోదాం. వాన తగ్గాలి. లోపల కూడా తగ్గాలి."

ఒక తిప్పు అయింది. తరువాత కప్పు కిందనుంచి మిసెస్ కాన్సిడైన్ గొంతు: "ఒక సంగతి అడుగుతాను. పోయిన నెల మీ బండిలో ఎడంవైపు సీటు మీద కుట్టు ఊడిందా?"

"ఊడింది. పార్జిటర్‌కి గట్టిగా చెప్పాను."

"నేనూ చెప్పాను. నాకోసం ప్రత్యేకంగా కుట్టించానన్నాడు."

"నాకోసం ప్రత్యేకంగా కుట్టించానన్నాడు!"

ఆ తరువాత వచ్చింది నవ్వో దగ్గో వినిఫ్రెడ్‌కి అంతుపట్టలేదు. కాసేపటికి అది రెండు గొంతుల్లో వచ్చింది, నవ్వే. ఇద్దరూ జోసయాని తిట్టుకుంటున్నారు. గుంటనక్క అని ఒకరు, నక్క కాదు తోడేలని ఇంకొకరు, ఆ మాట దగ్గర కూడా వాదన పెట్టుకుని, మళ్ళీ నవ్వుకుని. భర్తని అంత సరదాగా తిడుతుంటే వినడం వినిఫ్రెడ్‌కి కొత్త. కొన్ని తిట్లు జ్ఞాపకం పెట్టుకుంది.

వాన వెలిసేసరికి బండి వంపు వీధి నట్టనడుమ ఆగింది. ఏ ఇంటికీ దగ్గర కాకుండా.

"అమ్మగార్లూ, వచ్చేశాం," అన్నాడు ఈలై.

మిస్ థాక్‌వెల్ ముందు దిగి, గౌను సర్దుకుని, వెనక్కి తిరిగింది. "టీ తాగి వెళుదురు గాని రండి." ఒక్క క్షణం తటపటాయించింది. "కెటిల్ దగ్గర మీరే కూర్చోండి."

గేటులోకి బండి రావడం, తోలే పీట మీద మామగారి పక్కన ఏప్రాన్‌తో తడిసి ముద్దయిన భార్య ఉండడం చూసి జోసయా ఎదురు పరుగెత్తాడు. ఆమె దిగుతూనే జరిగిందంతా చెప్పేసింది. సగంలోనే ఆయన టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"అయిపోయింది! ఇద్దరూ పోయారు! తేడా వస్తే ఈ ఊసు ఎత్తొద్దన్నానా లేదా?"

"తేడా నేను చేశాను. బొత్తాలు మరిచింది నేను. నాన్న తోలడంలో ఏం తేడా వచ్చిందో నువ్వే చూసి చెప్పు."

జోసయా రుసరుసలాడుతూ గుర్రాల దగ్గరికెళ్ళాడు. మెడ కింద చెయ్యి పెట్టి చూశాడు. వాటి నోళ్ళు తెరిచి కళ్ళెం ఒరిసిన చోటు చూశాడు. డెక్కలు ఎత్తి చూశాడు. వానలో అన్ని తిప్పులు తిరిగొచ్చిన గుర్రాలు, అప్పుడే మేత దగ్గర్నుంచి లేచినట్టు నిలబడి ఉన్నాయి. హబ్బర్డ్ చేతిలో అవి పొరుగు వీధికి వెళ్ళొచ్చినా నురగ కక్కుతాయి. జోసయా మెడ వెనక గోక్కోలేదు గానీ, గోక్కోబోయి ఆగాడు.

"రేపు చర్చి దగ్గర వాళ్ళేమంటారో అది విని చెబుతాను," అన్నాడు.

అనవలసింది వాళ్ళు చాలానే అన్నారు. ఆదివారం ఇద్దరమ్మగార్లూ ఒకే బల్ల మీద కూర్చుంటే, ప్రార్థన సగం మందికి చెవికెక్కలేదు. తరువాత గుమ్మం దగ్గర జోసయాని చెరోవైపు పట్టుకుని, నిన్న బండిలో కూడబలుక్కున్న తిట్లన్నీ వరసగా అప్పజెప్పారు. ఆయన టోపీ రెండు చేతుల్తో తిప్పుతూ నిలబడ్డాడు. తిట్లు అయ్యాక మిసెస్ కాన్సిడైన్ ఈలై వైపు తిరిగింది.

"నువ్వు నా దగ్గరికి వచ్చెయ్, ట్రాంటర్. ఈ నక్కతో పని లేకుండా సొంతంగా చిన్న బండి కొంటాను. లాయం మీద గది ఉంది. కొత్త లివరీ కుట్టిస్తాను. బాకులు ముందూ వెనకా."

"గదికి కిటికీ లేదు," అంది మిస్ థాక్‌వెల్. "మా దాంట్లో పొయ్యి కూడా ఉంది. నా దగ్గరికి రా. ఏటా రెండు జతల బట్టలు."

ఈలై చేతిలో టోపీతో వంగి, "అమ్మగార్లతో ఒక మాట చెప్పుకోవాలండీ," అన్నాడు. ఆ మాటేమిటో వినడానికి వినిఫ్రెడ్‌కి వీల్లేకపోయింది. ఇంట్లో మాంసం పొయ్యిలో ఉంది, డోర్కస్‌ని నమ్మి వదిలితే బొగ్గే. దారంతా ఆమె కాళ్ళు ముందుకీ మనసు వెనక్కీ నడిచాయి. లాయం మీద గది, యజమాని ఇచ్చే బట్టలు, తండ్రి ఎరిగిన బతుకంతా అదే. పగ్గాలు దొరుకుతాయి. తను కోరుకున్నదీ అదేగా. అయినా కళ్ళ ముందు బట్లర్ బల్ల మీద మడిచి పెట్టిన కోటు ఒకటి కదలకుండా ఉంది.

బల్ల దగ్గర అందరూ కూర్చున్నారు. గొర్రె భుజం మాంసం, పుదీనా పులుసు, కొత్త దుంపలు, బఠాణీలు. జోసయా మాంసం కోస్తున్నాడు. కోసిన ముక్కలు రోజూకంటే మందంగా వస్తున్నాయి.

"తాతయ్యా, వెళ్ళిపోతున్నావా?" డోర్కస్ ఆగలేకపోయింది. "నేను మొన్న అన్నందుకేనా? నేను వేళాకోళానికే అన్నాను."

"ముందు నీ తాతకి పళ్ళెం అందించు," అంది వినిఫ్రెడ్.

ఈలై పళ్ళెం అందుకుని, ఇంకో ముక్క వెయ్యమని అల్లుడికేసి చాచాడు. జోసయా వేశాడు. పులుసు పోసుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

"నేనెక్కడికీ వెళ్ళను. ఇక్కడే ఉంటాను. రేపటినుంచి బండి నేను తోలుతాను, ఆ ఇద్దరికీ, ఎవరి రోజుల్లో వాళ్ళకి. హబ్బర్డ్‌కి కాలు నయమయ్యాక చిన్న బండి ఇవ్వు జోసయా. అతను కళ్ళెం గుంజుతాడు, నేను నేర్పిస్తాను. ఇక కోటు సంగతి. దానికి నల్ల బొత్తాలు కొను. ఉత్తవి. కొంగా వద్దు, బాకూ వద్దు."

జోసయా చేతిలో కత్తి ఆగిపోయింది. "మామయ్యా, ఉత్త బొత్తాల మనిషి తోలితే వాళ్ళు ఎక్కొద్దూ? సొంత బండని లోకం అనుకోవడానికేగా ఇంత తంటా!"

"చర్చి దగ్గర ఇద్దరికీ చెప్పాను. మీ పని చేస్తాను, మీ గుర్తు తొడుక్కోను అని. ఇన్నేళ్ళూ తొడుక్కుని, చివరికి తిరిగిచ్చేశాను, మళ్ళీ తిరిగివ్వడం నావల్ల కాదు అని."

"ఏమన్నారు?" అంది వినిఫ్రెడ్.

"కాన్సిడైన్ అమ్మగారు ససేమిరా అన్నారు. థాక్‌వెల్ అమ్మగారు వెంటనే సరేనన్నారు. దాంతో కాన్సిడైన్ అమ్మగారు, తను ముందే సరేనందామనుకున్నానని అన్నారు."

డోర్కస్ పకపకా నవ్వింది. జోసయా కత్తి కింద పెట్టి మెడ వెనక రెండు చేతుల్తో గోక్కున్నాడు.

"జీతం సంగతి?" అన్నాడు.

"హబ్బర్డ్‌కి ఇచ్చేదే," అంది వినిఫ్రెడ్, తండ్రి నోరు తెరవకముందే. "శనివారం శనివారం, ఈ బల్ల మీద, ఆయన చేతికి."

"అలాగే," అన్నాడు జోసయా. "రేపు పది గంటలకి థాక్‌వెల్ అమ్మగారింటికి వెళ్ళాలి మామయ్యా. దారిలో ఆ బొత్తాలేవో మీరే చూసి తీసుకోండి."

"పది అంటే తొమ్మిదిన్నరకే గుర్రాలు కట్టాలి," అన్నాడు ఈలై, నోటి నిండా దుంపతో. "నువ్వు పావు తక్కువ పదికి కడతావు. అది తప్పు. ఇలా విను..."

జోసయా భార్యకేసి చూశాడు. వినిఫ్రెడ్ వంచిన తల ఎత్తకుండా బఠాణీలు వడ్డిస్తూనే ఉంది.